పదును చూసే విత్తనం

అనంతపురంలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. మాది ఎర్రనేల, లోతు తక్కువ. వారం ఎండ కాస్తే తేమ నిలవదు. జూన్‌లో తొలి చినుకుకే వేరుశనగ వేయమని తొందరపెడతారు. నేను వేయను. గడ్డపారతో తవ్వి, జానెడు లోతున పదును కనిపిస్తేనే గొర్రు కడతాను. వాన మరీ ఆలస్యమైతే కొర్రలో కంది సాలు పెడతాను. కొర్ర మూడు నెలల్లో చేతికొస్తుంది; కంది వేరు లోతుకు దిగి ఎండను ఓర్చుకుంటుంది. నేల ఇంతవరకే ఇస్తానంటే వినాలి మరి!

నీళ్ల సంగతీ అంతే. కరువులో ఇంకో బోరు దించితే పొరుగు చేను నీళ్లూ మనమే తోడేస్తాం. బోర్లను అదుపుచేసే వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. పాలకులారా, దాన్ని గట్టిగా అమలు చేయండి. బోరు అడగని మా కొర్రకు మద్దతు ధర ఇచ్చి ఊళ్లోనే కొనండి.