విదేశీ చదువుకు ఏటా 20 స్కాలర్‌షిప్‌లే.. జి.మాడుగుల దాకా వచ్చేదెన్ని?

జి.మాడుగుల: విదేశాల్లో చదివే ఎస్టీ విద్యార్థులకు కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తోంది. ఫీజు, విమాన టికెట్, వీసా ఖర్చు అన్నీ అందులోనే. అమెరికాలో ఉండేందుకు ఏడాదికి 15,400 డాలర్లు అదనం. వినడానికి బాగానే ఉంది. కానీ దేశం మొత్తానికి ఏటా ఇచ్చేవి 20 మాత్రమే! 2011 లెక్కల్లోనే ఎస్టీలు 10 కోట్లు దాటారు మరి.

ఆ 20లో ఆదిమ గిరిజన తెగల (పీవీటీజీ) వాటా 3. దేశంలో ఇలాంటి తెగలు 75. జి.మాడుగుల కొండల్లోని కోందులు పోటీ పడాల్సింది ఈ మూడింటి కోసమే.

రాష్ట్రం సంగతీ చూద్దాం. 2022లో వచ్చిన జగనన్న విదేశీ విద్యా దీవెనలో ఎస్టీలకు గరిష్ఠంగా రూ.1.25 కోట్లు అన్నారు. అయితే ప్రపంచ టాప్ ర్యాంకు యూనివర్సిటీలో సీటు రావాలని అప్పట్లో షరతు పెట్టారు. సిగ్నల్ కోసం గుట్టెక్కే ఊళ్లున్న ఏజెన్సీలో ఆ పోటీకి పిల్లల్ని తయారు చేసేదెవరు? ఐఈఎల్‌టీఎస్ రాయాలన్నా ఘాట్ దిగి విశాఖ వెళ్లాల్సిందే. అమెరికా వీసా ఇంటర్వ్యూ అయితే హైదరాబాద్‌లో. డబ్బు కంటే ముందు అడ్డుపడేది ఇదే.

ఇంకో మెలిక.. కేంద్ర స్కాలర్‌షిప్ పీజీ, పీహెచ్‌డీ, ఆపై పరిశోధనకే. ఫిలిప్పీన్స్‌లో ఎంబీబీఎస్ అంటే వర్తించదు. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.6 లక్షలు దాటకూడదు. పాడేరులో డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నవాళ్లు కుల, ఆదాయ పత్రాలు ఇప్పుడే తీసి పెట్టుకోవడం మంచిది.