వీపు మీద 16 లీటర్లు

ఎయిర్‌సాఫ్ట్ అని ఒక ఆట ఉంది. బొమ్మ తుపాకులతో యుద్ధం అన్నమాట. 1970ల్లో జపాన్‌లో మొదలైంది. అసలు తుపాకీ కొనుక్కోవడం అక్కడ మామూలు జనానికి దాదాపు కుదరని పని కదా, బొమ్మ తుపాకీతో సరదా తీర్చుకున్నారు. 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుళ్లు, వాటిని తోయడానికి గాలి. ఆటలో బాగా ముదిరినవాళ్లు ఆ గాలిని చిన్న సిలిండర్‌లో నింపి వెంట మోసుకెళ్తారు. ముప్పావు లీటరో, లీటరో పట్టే సీసా. అందులో చదరపు అంగుళానికి 3000 నుంచి 4500 పౌన్ల ఒత్తిడితో గాలి కుక్కి ఉంటుంది. మన కారు టైర్లో కొట్టించేది ముప్ఫై చిల్లర!

ఆ సిలిండర్ బరువు కిలో, మహా అయితే కిలోన్నర. దాన్ని ఒంటిమీద ఎక్కడ తగిలించుకుంటే హాయిగా ఉంటుందని వాళ్లు పడే తర్జనభర్జన ఇంతా అంతా కాదు. వీపు మధ్యన పెడితే వెల్లకిలా పడినప్పుడు గుచ్చుకుంటుంది. నడుం పక్కన కడితే పరిగెత్తేటప్పుడు ఊగుతుంది. అందుకని దానికో ప్రత్యేకమైన సంచి, మెత్తటి వెడల్పాటి పట్టీలు, గొట్టం చెట్టుకొమ్మలకు తగులుకోకుండా భుజం పట్టీ కిందనుంచి చేతి దాకా తెచ్చే ఏర్పాటు.

కిలోన్నరకి ఇంత హడావుడా అని నవ్వు రావచ్చు. కానీ వాళ్లు అడిగే ప్రశ్న సరైనదే. మనం అడగాల్సిన చోట అడగడం లేదు, అంతే.

ఎక్కడంటే, మన దాళ్వా చేలో. ఏ మండపేట వైపో, తణుకు వైపో వెళ్లి గట్టు మీద కాసేపు నిలబడండి. వీపున ట్యాంకు తగిలించుకుని మందు కొట్టే మనిషి కనిపిస్తాడు. ట్యాంకులో 16 లీటర్ల మందునీళ్లు, అంటే 16 కిలోలు. ట్యాంకు బరువుతో కలిపి 20 దాటుతుంది. చేతిపంపు అయితే ఎడమచేత్తో మీట కొడుతూనే ఉండాలి. అలా కొట్టినప్పుడు లోపలి గదిలో గాలి నొక్కుకుపోయి, ఆ గాలే మందునీళ్లను గొట్టంలోకి తోస్తుంది. సూత్రం చూస్తే ఎయిర్‌సాఫ్ట్ కుర్రాడిదీ ఈయనదీ ఒకటే. తేడా ఏమిటంటే, ఈయన పిక్కల లోతు బురదలో నడుస్తున్నాడు. వరికి ఎకరానికి 200 లీటర్ల మందునీళ్లు పడాలంటారు వ్యవసాయ శాస్త్రవేత్తలు. అంటే పన్నెండు పదమూడు ట్యాంకులు. మూడెకరాలు కొడితే దాదాపు 38 సార్లు వీపుకెత్తుకోవాలి.

డ్రోన్లు వచ్చేశాయిగా అంటారేమో. వచ్చాయి, మంచిదే. పది లీటర్లు మోసుకుని ఎకరం చేను నిమిషాల్లో చుట్టేస్తున్నాయి. కానీ సుడిదోమ సంగతి వేరు. అది దుబ్బు అడుగున, నీటికి కాస్త పైన చేరి రసం పీలుస్తుంది. అందుకే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలి నాటమనీ, మందు మొదళ్లు తడిసేలా కొట్టమనీ చెబుతారు. ఆ బాటల్లో దిగి నాజిల్‌ని దుబ్బుల మొదట్లోకి పట్టాలంటే మనిషి నడవాల్సిందే.

సరే, మోత ఎలా తేలికవుతుంది? భుజాలు మెత్తటి కండ, తొందరగా అలిసిపోతాయి. నడుం ఎముక గట్టిది. బిందెను నడుం మీద పెట్టుకుని కాలవ నుంచి ఇంటిదాకా వచ్చిన మన ఆడవాళ్లకి ఈ రహస్యం ఎవరూ చెప్పక్కర్లేదు. కొండలెక్కేవాళ్ల సంచులకు నడుం పట్టీ ఉండేది ఇందుకే. బరువులో ఎక్కువ భాగం దాని మీదికే దిగుతుంది. మన బజార్లో అమ్మే చాలా స్ప్రేయర్లకు ఆ పట్టీ ఉండదు. పాత బ్యాగు పట్టీలు రెండు తెచ్చి, చెప్పులు కుట్టే దగ్గర కూర్చుంటే పది నిమిషాల పని. ఇంకొకటి, ట్యాంకు వీపుకు అతుక్కుని ఉండాలి. భుజం పట్టీలు వదులైతే ట్యాంకు వెనక్కి జారుతుంది, దాన్ని సర్దుకోవడానికి మనిషి ముందుకు వంగుతాడు. సాయంత్రానికి నడుం పట్టేసేది అక్కడే.

ఎత్తుకోవడంలోనూ ఒక పద్ధతుంది. నేలమీది ట్యాంకును ఒక్క విసురుతో వీపుకెత్తడం మగతనంలా కనిపిస్తుంది గానీ, వెన్నుకు అంతకంటే చేటు లేదు. ట్రాలీ మీదో, కల్వర్టు గోడ మీదో పెట్టి, వెనక్కి తిరిగి చేతులు దూర్చుకుని లేవాలి. బ్యాటరీ పంపు వచ్చాక మీట కొట్టే బాధ పోయింది. కాకపోతే బ్యాటరీ బరువు వీపెక్కింది. ఇక తైవాన్ పంపు అంటారా, ఇంజనూ దాని మోతా అదురూ అన్నీ వీపు మీదే.

ఇంత చెప్పాక అసలు ప్రమాదం ఇప్పుడు. భుజం ఒరుసుకుపోకుండా పట్టీ కింద తువ్వాలు మడిచి పెట్టుకోవడం ఎక్కడైనా చూస్తాం. హాయిగానే ఉంటుంది. కానీ మూతలోంచి చిందిన మందునీళ్లు ఆ తువ్వాలే పీల్చుకుంటుంది, పొద్దస్తమానం ఒంటికి అంటిపెట్టుకుని ఉంటుంది. పురుగుమందు కొట్టేవాళ్ల ఒంట్లోకి విషం ముక్కులోంచి కంటే చర్మంలోంచే ఎక్కువగా పోతుంది. చెమట పట్టిన చర్మమైతే మరీను. తువ్వాలు బదులు నీళ్లు పీల్చని రెక్సిన్ మెత్తలు కుట్టించుకోండి. మూత కింది రబ్బరు వాషరు అరిగితే వెంటనే మార్చేయండి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కూడా నిండు ట్యాంకు 25 కిలోలు దాటకూడదనీ, పట్టీ చిటికెలో ఊడదీసుకునేలా ఉండాలనీ చెబుతుంది. బురదలో కాలు జారి పడ్డప్పుడు ఆ రెండోది ఎంత అవసరమో పడ్డవాళ్లకి తెలుసు. పని అయ్యాక ట్యాంకు కాలవలో కడగొద్దు. ఊరి మంచినీళ్ల చెరువు నిండేది ఆ కాలవతోనే.

మాటల్లో మాట. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన రాయల్ వశిష్ఠ బోటును అక్టోబరు 22న కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం బయటికి తీసింది. ఆ పనిలో గజ ఈతగాళ్లు సిలిండర్లు కట్టుకుని గోదావరిలో దిగారు. వాటిని అందరం ఆక్సిజన్ సిలిండర్లనేస్తాం గానీ, మామూలుగా వాటిలో ఉండేది మనం పీల్చే గాలే, బాగా కుక్కి నింపినది. గట్టు మీద ఉన్నప్పుడు పదిహేను కిలోల పైమాటే. నీళ్లలోకి దిగాక ఆ బరువు నీరే మోస్తుంది. చేలో మనిషికి ఆ సుఖం లేదు.

ట్యాంకు పూర్తిగా నింపకుండా 12 లీటర్లతో సరిపెట్టుకోవచ్చు కదా? వచ్చు. కాకపోతే నిండుకుండ తొణకదన్నారు, ఇది మాత్రం అడుగడుక్కీ తొణుకుతుంది. అయినా వీపుకు నాలుగు కిలోలు తగ్గడం తక్కువేం కాదు. పేచీ అంతా కూలి దగ్గర. చాలాచోట్ల బేరం ట్యాంకుకు ఇంతని. 12 లీటర్లతో కొడితే ఎకరానికి పదిహేడు ట్యాంకులవుతాయి, మోసం చేస్తున్నాడని రైతు అనుకుంటాడు. అందుకని మనిషి నోరెత్తకుండా అంచుదాకా నింపుకుంటాడు, పైనుంచి ఒంటిమీద ఒలికేదీ అప్పుడే. ఎకరానికి ఇంతని మాట్లాడుకుంటే ఎంత నింపుకోవాలన్నది మోసేవాడి ఇష్టం. మందు కొలత లీటరుకు ఇంతని వేసుకుంటే మోతాదూ తప్పదు. దోమ కనపడ్డాక ఆ హడావుడిలో కుదిరే బేరం కాదిది, నాట్లప్పుడే తేల్చుకోవాలి.