ఆలివ్ పిప్పితో విమాన ఇంధనం.. స్పెయిన్ ప్లాన్ బాగానే ఉంది, మరి చిక్కు ఎక్కడ?

నూనె 20 కిలోలు.. పిప్పి 80 కిలోలు! 100 కిలోల ఆలివ్ కాయలు మిల్లుకు వెళ్తే సుమారుగా తేలే లెక్క ఇది. ప్రపంచంలో ఎక్కువ ఆలివ్ ఆయిల్ తీసే దేశం స్పెయిన్. అక్కడి హయేన్ ప్రావిన్స్‌లోనే 6 కోట్లకు పైగా ఆలివ్ చెట్లున్నాయి. మరి అంత పిప్పిని ఏం చేయాలి? ఇప్పుడు అందరి చూపూ విమాన ఇంధనం వైపే ఉంది.

పారబోస్తే ముప్పే

నల్లగా బురదలా ఉండే ఈ పిప్పిలో మూడింట రెండొంతుల దాకా నీళ్లే. ఫినాల్స్ కూడా ఎక్కువ. అలాగే పొలంలో పోస్తే మొక్కలు దెబ్బతింటాయి, వాగులో కలిస్తే నీళ్లు పాడవుతాయి. ఒకప్పుడు మిల్లుల నల్లనీరు నదుల్లోకే వెళ్లేది. 1980ల మొదట్లో స్పెయిన్ దానికి అడ్డుకట్ట వేసింది. 1990ల్లో నీళ్లు తక్కువ వాడే యంత్రాలొచ్చాయి. దాంతో నల్లనీరు తగ్గింది కానీ తడి పిప్పి పెరిగింది.

ఇది నిజంగా చెత్తేనా?

కాదు. గింజను వేరు చేసి ఇళ్లు, హోటళ్ల బాయిలర్లలో మండిస్తారు. పిప్పిని ఆరబెట్టి, అందులో మిగిలిన కాస్త నూనెనూ తీస్తారు. ఆఖరికి మిగిలిన పొడి పిప్పితో కరెంటు తయారుచేస్తారు. అంటే గిరాకీ ఇప్పటికే ఉంది.

విమానాలు ఎందుకొచ్చాయి?

2022 చివర్లో సెవిల్ ఎయిర్‌పోర్టులో 200కు పైగా విమానాలకు సెప్సా కంపెనీ ఆలివ్ గింజలు, ఇతర వ్యర్థాలతో చేసిన ఇంధనం అందించింది. ఇక యూరోపియన్ యూనియన్ రూల్ ప్రకారం విమాన ఇంధనంలో సుస్థిర ఇంధనం వాటా 2025 నుంచి 2 శాతం, 2030కి 6 శాతం, 2050కి 70 శాతం ఉండాల్సిందే. అందుకే కంపెనీలు ప్రతి వ్యర్థం వైపూ చూస్తున్నాయి.

అసలు చిక్కు ఇదే

మొదటిది తడి. పిప్పిని ఆరబెట్టాలంటే మళ్లీ ఇంధనం ఖర్చే.
రెండోది సీజన్. మిల్లులు చలికాలంలో కొన్ని నెలలే ఆడతాయి. రిఫైనరీ మాత్రం ఏడాదంతా నడవాలి.
మూడోది కరవు. 2021-22లో దాదాపు 15 లక్షల టన్నులున్న స్పెయిన్ ఆలివ్ ఆయిల్ ఉత్పత్తి, 2022-23లో 7 లక్షల టన్నుల లోపుకు పడిపోయింది. కాయ లేకపోతే పిప్పీ ఉండదు!

లాభం ఎవరికి?

మన రైస్ మిల్లుల ఊక సంగతీ ఇంతే. ఒకప్పుడు అడ్డమనుకున్న ఊకకు, బాయిలర్లు వచ్చాక రేటు వచ్చింది. చెత్తకు ధర పలికిందంటే, దాన్ని ఇదివరకు వాడుకున్నవాళ్లకు ఖర్చు పెరిగినట్టే. పైగా పిప్పిలో పొటాషియం ఎక్కువ. కంపోస్టు చేసి చేనుకు వేస్తే రైతుకు ఎరువు ఖర్చు తగ్గుతుంది. మొత్తం ఇంధనానికే తరలిస్తే ఆ బలం నేలకు దక్కదు.

కాబట్టి అంతా విమానాలకే అంటే లెక్క కుదరదు. గింజ బాయిలర్‌కు, కొంత పిప్పి కంపోస్టుకు పోగా మిగిలిందే విమానానికి అనుకుంటేనే ఈ ప్లాన్ నిలబడుతుంది. ఆ రేటులో రైతు వాటా ఎంత అన్నదే ఇక తేలాల్సింది.