తల్లుల గడియారం ఎవరి చేతిలో ఉన్నది?

ప్రతి సంవత్సరం మార్చి 8 వచ్చేసరికి మన కార్యాలయాలలో ఒక తంతు జరుగుతుంది. మహిళా ఉద్యోగులను ఒక గదిలో సమావేశపరచి, తలకొక గులాబీ పువ్వు, ఒక మిఠాయి పొట్లం చేతికిస్తారు. పిదప ఆహ్వానిత వక్త ఒకరు “తీరికలేని తల్లులకు సమయపాలన” అనే విషయంపై గంటసేపు ఉపన్యసిస్తారు. భిలాయి ఉక్కు పట్టణంలో ఇట్టి సభ ఒకదానికి మేమూ వెళ్ళి వెనుక వరుసలో కూర్చున్నాము. ఉదయం నాలుగున్నరకే లేవవలెనట. కూరలు ముందు రాత్రే తరిగి ఉంచుకోవలెనట. ఆదివారం నాడే వారానికి సరిపడ పొడులు, పచ్చళ్ళు చేసిపెట్టుకోవలెనట. చేయవలసిన పనుల పట్టికను వంటింటి గోడకు అంటించుకోవలెనట.

ఉపన్యాసం ముగిసిన పిమ్మట పోస్టాఫీసు కౌంటరులో పనిచేసే ఒక సోదరి లేచి అడిగిన ప్రశ్న మా చెవులలో నేటికీ మారుమ్రోగుతున్నది. “నాలుగున్నరకు లేవడం మాకు కొత్త కాదండీ, నాలుగింటికే లేస్తున్నాము. సాయంత్రం లెక్క తేలక ఏడు గంటలదాకా కూర్చోబెట్టిన రోజున బడినుండి పిల్లను ఎవరు తీసుకురావాలో, అది మీ పట్టికలో ఎక్కడ వ్రాసుకోమంటారు?” వక్త చిరునవ్వు నవ్వి వందన సమర్పణకు దారి ఇచ్చారు. అధికారులు చప్పట్లు కొట్టారు. ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. ఆ జవాబు చెప్పవలసిన బాధ్యత వక్తది కాదు, యాజమాన్యానిది. కొంతవరకు మనది కూడా.

కూరలు ముందు రాత్రి తరుగుకొనడంలో తప్పున్నదని మేము అనము. పొదుపుగా పని చేసుకొనే నేర్పు మన తల్లులకు ఎవరూ నేర్పనక్కరలేదు. మా అభ్యంతరం ఆ ఉపదేశం వెనుకనున్న ఊహపైనే. తల్లి కాలం తల్లి చేతిలోనే ఉన్నదనీ, ఆమె దానిని సరిగా వాడుకోలేక అవస్థపడుతున్నదనీ ఆ ఊహ సారాంశం. ఇది పచ్చి అబద్ధం.

కొలిమి నడిపే గడియారం

భిలాయినే ఉదాహరణగా తీసుకొందాము. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా ఈ కర్మాగారం వెలసింది. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును నాటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. మన రైళ్ళు పరుగెత్తే పట్టాలు ఇక్కడే తయారవుతున్నవి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుండి వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఇక్కడ రెండు మూడు తరాలుగా స్థిరపడినవి. ఆ ఇండ్లలో భర్త కర్మాగారంలోనూ, భార్య పోస్టాఫీసులోనో రైల్వేలోనో పనిచేసేవి కలవు.

ఉక్కు కొలిమిని ఆర్పడానికి వీలులేదు. కనుక పని మూడు షిఫ్టులుగా సాగుతుంది. ఉదయం ఆరు నుండి రెండు వరకు, రెండు నుండి రాత్రి పది వరకు, పది నుండి తెల్లవారి ఆరు వరకు. ఈ షిఫ్టులు మారుతున్న కొద్దీ ఆ ఇంటి వంటిల్లు కూడా మారవలసిందే. మొదటి షిఫ్టు వారం తెల్లవారుజామున అయిదింటికే ఫలహారం సిద్ధం కావలెను. రెండవ షిఫ్టు వారం భర్త బయలుదేరే వేళకు భార్య తన ఉద్యోగంలో ఉంటుంది గనుక, అతని భోజనం ప్రొద్దుటే వండి మూతపెట్టి పోవలెను. మూడవ షిఫ్టు వారం రాత్రంతా కొలిమి ముందు నిలిచినవాడు నిద్రపోతున్నపుడు పిల్లలను సద్దు చేయకుండా బడికి పంపవలెను. ఆమె పేరు కర్మాగారం హాజరుపట్టీలో లేదు, జీతమూ లేదు. అయినను ఆమె గడియారాన్ని కొలిమి త్రిప్పుతున్నది.

ఆమె స్వయంగా రైల్వే ఉద్యోగి అయితే చెప్పనక్కరలేదు. రన్నింగ్ సిబ్బందికి పిలుపు సాధారణంగా బండికి రెండు గంటల ముందు అందుతుంది. ఆ పిలుపు అర్ధరాత్రి రావచ్చు, బిడ్డకు జ్వరం తగిలిన వేళ రావచ్చు. బయలుదేరిన మనిషి ఎప్పుడు తిరిగివచ్చునో గూడ్సు బండికే తెలియదు. అటువంటి లోకో పైలెట్ తల్లి గోడకు ఏ పట్టిక అంటించుకొనవలెను? మరుగుదొడ్డి లేని ఇంజనులో పది గంటలు ప్రయాణించే స్త్రీకి సమయపాలన ఉపదేశించడం కంటె మించిన పరిహాసం మరొకటి కలదా?

అంకెలు చెప్పే నిజం

కేంద్ర ప్రభుత్వ గణాంక కార్యాలయం 2019లో దేశవ్యాప్తంగా కాల వినియోగ సర్వే జరిపింది. స్త్రీలలో నూటికి 81.2 మంది జీతంలేని ఇంటిపనిలో పాల్గొంటున్నారనీ, పురుషులలో 26.1 మంది మాత్రమే పాల్గొంటున్నారనీ తేలింది. ఆ పని చేసేవారిలో స్త్రీ రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషుడు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 2024లో ఇదే సర్వే మరల జరిగింది. స్త్రీల సగటు 289 నిమిషాలకు తగ్గింది. పురుషుల సగటు 88కి తగ్గింది. అనగా అయిదేళ్ళలో స్త్రీకి పది నిమిషాల ఊరట లభిస్తే, పురుషుడు తన వంతులో తొమ్మిది నిమిషాలు తగ్గించుకొన్నాడు! పిల్లల, వృద్ధుల సంరక్షణ ఈ లెక్కలో చేరలేదు. అది వేరుగా లెక్కించబడినది.

ఎనిమిది గంటల పనిదినం కోసం 1886లో చికాగో కార్మికులు రక్తం ధారపోసిన సంగతి మనం ప్రతి మేడే నాడు చెప్పుకొంటాము. వారికంటె ముందు, 1862లో, మన హౌరాలో రైల్వే కార్మికులు ఇదే కోర్కెతో సమ్మె చేసినారు. ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు విశ్రాంతి, ఎనిమిది గంటలు స్వంతం అనేది ఆ పోరాట సారం. ఉద్యోగిని అయిన తల్లి విషయంలో ఆ స్వంత ఎనిమిది గంటలు ఏమైనవి? దాదాపు అయిదు గంటలు ఇంటిపని తినివేసింది. మిగిలినది రాకపోకలకూ, పిల్లల చదువుకూ పోయింది. ఎనిమిది గంటల పనిదినం మన సోదరీమణుల ఇంటి గడపవద్దనే ఆగిపోయినదని ఒప్పుకొనక తప్పదు.

కాగితం మీది హక్కులు

“ప్రభుత్వం ఎన్ని సౌకర్యాలు ఇచ్చినదో చూడండి” అని యాజమాన్యం వాదిస్తుంది. చూతము. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు 2008లో, ఆరవ వేతన సంఘం సిఫార్సుపై, ఇద్దరు పిల్లల నిమిత్తం మొత్తం 730 రోజుల శిశు సంరక్షణ సెలవు లభించింది. ప్రసూతి సెలవు 180 రోజులైనది. ఇవి ఊరకే వచ్చినవి కావు, ఉద్యోగుల ఉద్యమాల ఫలితాలు. ఏడవ వేతన సంఘం పిదప మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తరువాతి 365 రోజులకు నూటికి 80 వంతులు అని మార్చినారు. అన్నింటికంటె ముఖ్యమైనది, ఈ సెలవును హక్కుగా కోరరాదు అనే నిబంధన. సిబ్బంది కొరత ఉన్నచోట ఆ ఒక్క వాక్యమే మొత్తం సెలవును మింగివేస్తున్నది. పదవ తరగతి పరీక్షల వేళ పిల్లవాని ప్రక్కన కూర్చొనవలసిన తల్లికి “మీరు పోతే కౌంటరు ఎవరు చూస్తారు?” అనే నోటిమాట జవాబు దొరుకుతున్నది. ఖాళీలు నింపనిది యాజమాన్యం, శిక్ష అనుభవించేది పసిబిడ్డ! ఇక గ్రామీణ డాక్ సేవకులైన సోదరీమణులకు ఈ శిశు సంరక్షణ సెలవే వర్తించదు.

శిశు సంరక్షణ కేంద్రాల కథ కూడా ఇంతే. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ, 50 మంది లేక అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండవలెననీ, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్ళవచ్చుననీ నిర్దేశించింది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి కూడా ఆ యాభై సంఖ్యనే నిలుపుకొన్నది. కాని మన పోస్టాఫీసులో ఉన్నది అయిదుగురు, చిన్న స్టేషనులో ఉన్నది పదిమంది. గది గదికి విడిగా లెక్కపెడితే యాభై ఏనాటికీ రాదు. పనివారు వెయ్యి చోట్ల చెల్లాచెదురైనా యజమాని ఒక్కడే. జీతాల బిల్లులో ఒక్కటిగా కనబడే మనం, ఊయల దగ్గరకు వచ్చేసరికి విడివిడిగా ఎందుకు కనబడవలెను? పలు సంస్థలు కలిసి ఉమ్మడి కేంద్రం నడుపుకొనవచ్చునని అదే 2020 స్మృతి అంగీకరించింది. ప్రభుత్వమే యజమాని అయినచోట, ప్రైవేటు యజమానికి విధించిన ప్రమాణం కంటె తక్కువ ఉండరాదు.

కొత్త స్మృతులు 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చినవి. స్త్రీ సమ్మతి ఉంటే రాత్రి వేళ పని చేయించవచ్చునని అవి చెబుతున్నవి. రాత్రి పది గంటలకు బిడ్డను ఉంచే చోటు చూపకుండా తల్లిని సమ్మతి అడగడం ఏమి న్యాయం?

అమ్మమ్మ లెక్కలోకి రాదా?

నేడు మన ఉద్యోగినుల ఇండ్లు ఎట్లు నడుస్తున్నవో నిజాయితీగా చెప్పుకొందాము. విశాఖ నుండి వచ్చే బండిలో సంచీతో దిగే అమ్మమ్మ వల్ల నడుస్తున్నవి. మోకాళ్ళ నొప్పులతో, పరభాష ప్రాంతంలో, ఇరుగుపొరుగు లేక ఆమె మనుమలను పెంచుతున్నది. అమ్మమ్మ లేనిచోట బస్తీ నుండి వచ్చే పనిమనిషి ఉన్నది. ఆమె కూడ తల్లియే. తన బిడ్డను పెద్దకూతురికి అప్పగించి మన బిడ్డను చూడవస్తున్నది, ఆ పెద్దకూతురు బడి మానివేస్తున్నది. యాజమాన్యం ఎగవేసిన ఖర్చు ఈ విధంగా ఒక స్త్రీ నుండి మరొక స్త్రీకి, చివరకు ఒక పసిపిల్లకు బదిలీ అవుతున్నది. సమయపాలన అని దీనికే పేరు పెట్టినారు.

మన తప్పు కూడా ఒప్పుకొందాము

ఇంతవరకు యాజమాన్యాన్ని విమర్శించినాము. ఇక మనలను మనం విమర్శించుకొనాలి. 1974 మే 8 నుండి 27 వరకు సాగిన రైల్వే సమ్మెలో భర్తలు జైళ్ళపాలైనపుడు, క్వార్టర్ల నుండి కుటుంబాలను వెళ్ళగొట్టినపుడు ఎదురునిలిచినది మన స్త్రీలే. వారి త్యాగాన్ని వేదికలపై కీర్తించినాము. వారి పనిగంటలను మాత్రం ఏ కోర్కెల పత్రంలోనూ చేర్చలేదు. నేటికీ మన శాఖా సమావేశాలు సాయంత్రం ఆరున్నరకు మొదలై తొమ్మిదికి ముగుస్తున్నవి. ఆ వేళ ఏ తల్లి రాగలదు? రాకపోతే “మహిళలకు ఆసక్తి లేదు” అని నివేదికలో వ్రాసుకొంటాము! దోపిడీని గురించి గంటసేపు ప్రసంగించి ఇంటికి పోయి, తిన్న కంచం కూడా ఎత్తని కార్యకర్తలు మనలో లేరా? వారిలో మేమూ ఒకప్పుడు ఉన్నామని చెప్పుకొనడానికి సిగ్గుపడము. మారకపోతే సిగ్గుపడవలెను.

భిలాయికి ఇనుపరాయిని పంపే దల్లీ-రాజహరా గనుల కార్మికులు మనకు దారి చూపినారు. 1977లో శంకర్ గుహా నియోగి నాయకత్వాన సంఘటితమైన ఆ కాంట్రాక్టు కార్మికులు కూలి రేట్లతోనే ఆగలేదు. సారాను సంఘ సమస్యగా చేపట్టినారు. సంఘ ఉపాధ్యక్షురాలు కుసుమ్ బాయి ప్రసవ సమయంలో సరైన వైద్యం అందక మరణించగా, ఆ దుఃఖాన్ని దీక్షగా మార్చుకొని, తమ చందాలతో, తమ శ్రమతో 1983 జూన్ 3న షహీద్ ఆసుపత్రిని ప్రారంభించినారు. “ఇంటి విషయం సంఘానికెందుకు?” అని వారు అడగలేదు.

ఏమి చేయవలెను?

మొదటిది, రోస్టరును కనీసం ఒక వారం ముందుగా ప్రకటించవలెను. పని వేళ మించి కూర్చోబెట్టిన ప్రతి అరగంటనూ పుస్తకంలో నమోదు చేయించి భత్యం కోరవలెను.

రెండవది, భిలాయి-దుర్గ్ వంటి జంట పట్టణాలలో రైల్వే, తపాలా ఉద్యోగినులందరినీ కలిపి లెక్కించి, షిఫ్టు వేళలకు తెరచి ఉండే ఉమ్మడి శిశు సంరక్షణ కేంద్రాన్ని సాధించవలెను. ప్రతి శాఖ తన పరిధిలో అయిదేళ్ళ లోపు పిల్లలు ఎందరో జాబితా తయారుచేసి సంప్రదింపుల సమావేశంలో ఉంచవలెను. అంకె లేని కోర్కె నిలువదు.

మూడవది, శిశు సంరక్షణ సెలవును నోటిమాటగా అడుగవద్దు. దరఖాస్తు వ్రాసి, నకలుపై తేదీతో సంతకం తీసుకొనవలెను. నిరాకరణ కూడ వ్రాతపూర్వకంగా, కారణంతో కోరవలెను. ఆ కాగితాలే రేపు మన వాదానికి బలం. డాక్ సేవకులకు ఈ సెలవును విస్తరింపజేయడం మన ఉమ్మడి కోర్కె కావలెను.

నాలుగవది, భార్యాభర్తలను వీలైనంతవరకు ఒకేచోట నియమించవలెనని 2009 సెప్టెంబరు 30 నాటి కేంద్ర ఉత్తర్వు చెబుతున్నది. దానిని ఉదహరించకుండా ఏ బదిలీ విన్నపమూ పంపవద్దు.

అయిదవది మన చేతిలోనే ఉన్నది. శాఖా సమావేశాలను తల్లులు రాగల వేళకు మార్చి, పిల్లలను వెంట తెచ్చుకొనే ఏర్పాటు చేయవలెను. వంటింటి గోడకు పట్టిక అంటించవలసినదే. అయితే అందులో ఆమె పేరుతో పాటు ఆయన పేరు కూడ ఉండవలెను. షిఫ్టు దిగి నిద్ర లేచినవాడు బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టడానికి ఏ వేతన సంఘం సిఫార్సూ అక్కరలేదు.

ఆ రోజు సభలో ప్రశ్న అడిగిన సోదరికి ఇది మా ఆలస్యమైన జవాబు. వచ్చే మార్చి 8 నాటికి గులాబీ పువ్వును మర్యాదగా తిరిగి ఇచ్చి, దాని స్థానంలో పిల్లల జాబితాను అధికారి బల్లపై ఉంచుదాము. ఆ జాబితా తయారుచేయడం ఈ నెల శాఖా సమావేశంలోనే ప్రారంభం కావలెను.