సంతకము నాపబోయి రాజ్యమును గోల్పోయిరి

1991 ఆగస్టు 19వ తేదీ యుదయమున మాస్కో వీథులలోనికి యుద్ధశకటములు ప్రవేశించెను. అధ్యక్షుడు గోర్బచేవ్ అస్వస్థుడని రేడియో చాటెను. ఆయన క్రిమియాలోని ఫోరోస్ విడిదిలో బందీయై యుండెను. ఉపాధ్యక్షుడు యనాయేవ్, ప్రధాని పావ్లోవ్, రక్షణమంత్రి యాజోవ్, గూఢచారిశాఖాధిపతి క్రూచ్కోవ్ మొదలుగా నెనిమిదిమంది యొక సంఘముగా నేర్పడి యధికారమును జేజిక్కించుకొనిరి.

వారా దినమునే యేల యెన్నుకొనిరి? మరునాడు, 20వ తేదీన, రిపబ్లికులకు విశేషాధికారము లొసగు నూతన సమాఖ్య యొడంబడికపై సంతకములు ప్రారంభము కావలసియుండెను. అవి జరిగినచో సోవియట్ సమాఖ్య యంతరించునని వారి భయము. సంతకము లాపిరి, సమాఖ్య నాలుగు నెలలలో నంతరించెను!

ఇది యెట్లు జరిగెనో యుక్రెయిన్‌ను జూచిన దెలియగలదు. ఆ యేటి మార్చిలో నచట వోటు వేసినవారిలో నూటికి 70 మంది సమాఖ్య నిలువవలెననిరి. డిసెంబరు 1న నూటికి 90 మందికి మించి స్వాతంత్ర్యమును గోరిరి. ఈ రెంటి నడుమ వచ్చినది మాస్కో కుట్ర. మరల నట్టి శకటములు తమ వీథులలోనికి రావని పూచీ యెవరీయగలరు? ఆ పూచీ లేని సమాఖ్య యెవరికి గావలెను?

కుట్ర మూడు దినములైనను నిలువలేదు. పార్లమెంటు భవనమును జనము చుట్టివేసెను. యెల్ట్సిన్ శకటము నెక్కి ధిక్కారము ప్రకటించెను. ముగ్గురు యువకులు మరణించిరి. భవనముపై దాడి మాత్రము జరుగలేదు. 24న గోర్బచేవ్ కమ్యూనిస్టుపార్టీ నాయకత్వమును వదలుకొనెను. డిసెంబరు 25న అధ్యక్షపదవియు బోయెను.

నాటి మన ప్రధాని, తెలుగువారైన పి. వి. నరసింహారావుగారు, అదుపులేని సంస్కరణములను గోరువారికి ఈ కుట్ర యొక హెచ్చరిక యని విమర్శల పాలైరి. హెచ్చరికయే, కాని యది కుట్రదారులకు జెందవలసినదని మా యభిప్రాయము.

ధూల్‌పేటలో గూర్చుండి మాస్కో ముచ్చట యేల యందురా? ఈ నగరమునను సంతకమున కడ్డుపడినవారు గలరు. 1947 అక్టోబరు 27వ తేదీ తెల్లవారుజామున, యథాతథ యొడంబడికకై ఢిల్లీకి బయలుదేరవలసిన ఛత్తారీ నవాబు, మాంక్టన్, సుల్తాన్ అహమ్మదుల గృహములను గాసిం రజ్వీ యనుచరులు వేలకొలదిగా ముట్టడించిరి. ప్రయాణ మాగెను. ఛత్తారీ పదవి వీడెను. మాస్కోలో జనము సైన్యమున కడ్డు నిలిచినది. ఇచట మూకయే సంధి కడ్డు నిలిచినది, దాని నదలించువాడు లేకపోయెను.

నవంబరు 29న నిజాము ఇంచుమించు ఆ షరతులపైననే సంతకము పెట్టెను. కాని యప్పటికి రజాకార్ల మాట దర్బారులో జెల్లుబాటగుచుండెను. 1948 సెప్టెంబరు 13న భారతసేనలు సరిహద్దు దాటెను. 17న నిజాము లొంగిపోయెను.