ఆట ఆడుడు వేరు, ఆట తయారు చేసుడు వేరు

"పదో తరగతికి వచ్చినవ్, ఇంకా ఆటలేనారా?" దీపావళి సెలవుల్లో నేను టీవీ ముందు వైర్లు పట్టుకొని కూర్చుంటే కాశేలిలో మా ఇంటికి వచ్చిన వాళ్ళంతా ఇదే మాట అన్నారు. పెద్దల మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఆ మాట తప్పు.

ఫోనులో ఆట ఆడితే టైం పోతుంది, నిజమే. నా టైం కూడా మస్తు పోయింది. కానీ ఈసారి నేను ఆడలేదు, ఆటను తయారు చేసిన. ఒక ఆర్డునో బోర్డు, 470 ఓముల రెసిస్టర్ ఒకటి, 1000 ఓములది ఒకటి, తిప్పే నాబ్, మూలకు పడ్డ పాత డబ్బా టీవీ. సామాను ఇంతే. 1972లో అటారీ కంపెనీ తెచ్చిన పాంగ్ లాంటి ఆట అది. ఒక బంతి, దాన్ని కొట్టే ఒక బద్ద.

ఆ బోర్డులో పని చేసుకునే మెమరీ 2048 బైట్లే. తెర మీద అడ్డంగా 128, నిలువుగా 96 చుక్కలు. చుక్కకు ఒక బిట్ చొప్పున 12,288 బిట్లు, అంటే 1536 బైట్లు. మిగిలినవి 512. బంతి ఎక్కడుందో, స్కోరు ఎంతో అన్నీ అందులోనే పట్టాలి. ఇది లెక్కల పాఠం కాదా?

మొదట బొమ్మ నిలబడలేదు, కిందికి మీదికి ఉరుకుడే. రెండు రోజులు వైర్లు మార్చిన. రాత్రి పాళీ దిగి వచ్చిన నాన్న చూసి, "వైరు తప్పు కాదురా, టైమింగ్ కుదరలే. పడుగు తెరుచుకోకముందే నాడె పోతే సాంచె కూడా గిట్లనే ఆగమైతది" అన్నడు. నాన్న మాటే నిజమైంది. నేను పెట్టిన ప్రోగ్రాం అమెరికా పద్ధతిది, బొమ్మకు 525 గీతలు. మన దేశపు టీవీకి 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. ప్రోగ్రాంలో ఒక్క మాట మార్చితే బొమ్మ నిలబడింది.

"సాంచెలు నడిపేటోళ్ళ పిల్లలకు, అందులో తెలుగు మీడియం పిల్లలకు ఇవన్నీ ఎందుకు?" అనేవాళ్ళకు ఒక్క మాట. కార్డులో రంధ్రం ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. జకార్డ్ మగ్గం నడిచేది అట్లనే. చార్లెస్ బాబేజ్ తన యంత్రానికి ఆ కార్డుల ఆలోచననే తీసుకున్నాడు. కంప్యూటర్ మనకు పరాయిది కాదు, మగ్గానికి చుట్టం. ఇక ఇంగ్లీషు అంటారా, నా ప్రోగ్రాంలో మళ్ళీ మళ్ళీ వచ్చిన ఇంగ్లీషు మాటలు ఇరవై కూడా లేవు.

తల్లిదండ్రులారా, పాడైన రేడియోను భంగార్‌కు వేసే ముందు మాకు ఒకసారి ఇవ్వండి. డబ్బా టీవీ వెనక మూత మాత్రం ఎవరూ తీయవద్దు, ప్లగ్గు పీకినా లోపల కరెంటు నిలిచి ఉంటుంది. సార్లు, టీచర్లు, ఎగ్జిబిషన్‌కు కొన్న మోడల్ కంటే మేము చేసి చెడగొట్టి మళ్ళీ చేసిన దానికి ఎక్కువ మార్కులు వేయండి. శనివారం ఒక్క పీరియడ్ మాకు వదలండి.

మిత్రులారా, ఫోనులో ఎవరో చేసిన ఆటను ఇంకెన్ని రోజులు ఆడుదాం? ఒక్కటి మనమే చేద్దాం.