నదీయానానికి చీటీ వ్రాయడం నేనెందుకు మానుకొన్నాను?

సంక్రాంతి సమీపించే దినాలలో నా వైద్యశాలకు వచ్చేవారు కొందరు ఈ నడుమ ఒకే రకమైన ప్రశ్న అడుగుతున్నారు. "అయ్యా, మేము నలుగురైదుగురు స్నేహితులం కలిసి పడవమీద మూడు నాలుగు రోజులు నదిలో ప్రయాణం చేయదలచాం. రాత్రిళ్ళు ఇసుక తిన్నెలమీద డేరాలు వేసుకొని పడుకొంటాం. వెంట ఏ మందులు ఉంచుకోమంటారు?" అని. అడిగేవారిలో చాలామంది యాభై దాటినవారు. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు అయిపోయి, ఇప్పటికైనా కొంతకాలం తమకోసం గడుపుకొందామనుకొనేవారు. శొంఠి, వాము, త్రిఫలచూర్ణం, ఏదైనా ఒక నొప్పుల తైలం అని నాలుగు పేర్లు వ్రాసి ఇస్తే సంతోషించి వెళ్ళిపోతారు. అటువంటి చీటీ వ్రాసి ఇవ్వడం నేను మానివేశాను. ఎందుకో చెప్పాలంటే నేను స్వయంగా చేసిన ఒక పొరపాటును పాఠకుల ముందు ఒప్పుకోవలసి ఉన్నది.

2012 జనవరిలో, పండుగ వెళ్ళిన వారానికి, మేము అయిదుగురం స్నేహితులం రెండు నాటు పడవలలో గోదావరిమీద బయలుదేరాము. శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం వద్ద పడవ ఎక్కి, దిగువకు పాపికొండల మీదుగా పట్టిసీమ వరకు నాలుగు రోజులలో చేరాలని సంకల్పం. పడవకొక నావికుడు. తెడ్డు వేయడంలో మాత్రం మేమూ వంతు తీసుకోవాలని ముందే నియమం పెట్టుకొన్నాము. మాలో ఒకరు ఉద్యోగవిరమణ చేసిన లెక్కల మాస్టారు. నాకు చిన్ననాటి స్నేహితుడే అయినా ఊరంతా పిలిచినట్లు నేనూ ఆయనను మాస్టారనే పిలుస్తాను. ఆయనకు అప్పటికి ఎనిమిదేళ్ళుగా మధుమేహం. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ నేను అడగవలసిన ఒక్క ప్రశ్న అడగలేదు.

మొదటి రెండు దినాలు ఎంత హాయిగా గడిచాయో చెప్పడానికి నాకు సంకోచం లేదు. పట్టణంలో రాత్రి పదకొండు దాటినా నిద్రపట్టదని నాకు మొరపెట్టుకొనే బ్యాంకు ఉద్యోగి ఒకరు మాతో ఉన్నారు. మొదటి రాత్రి ఎనిమిదిన్నరకే ఆయన గురక మొదలైంది. తెల్లవారుజామున ఎవరూ లేపకుండానే అందరూ లేచారు. వేళకు ఆకలి, వేళకు మలప్రవృత్తి, పగలంతా శరీరశ్రమ, దీపాలు లేని రాత్రి. దినచర్య అని మా గ్రంథాలు అధ్యాయాలుగా చెప్పినదంతా నది మా చేత రెండు రోజులలో చేయించింది. నిద్రలేమికి నేనిచ్చే లేహ్యాలు ఆరు నెలలలో చేయలేని పని అది. కనుక ఇటువంటి ప్రయాణాలు వద్దనేవాడను నేను కాను.

రెండవ రాత్రి పేరంటాలపల్లికి సమీపంలో ఇసుకమీద మకాం చేశాము. ఒక మిత్రునికి పులస మీద మనసు పోయింది. వరదనీటితోపాటు సముద్రం నుండి ఎదురెక్కే చేప పుష్యమాసంలో ఎక్కడ దొరుకుతుందని నావికుడు నవ్వి, దొరికిన చేపలనే వేయించి పెట్టాడు. మాస్టారు ఆ వేపుడుతోపాటు, ఇంటినుండి తెచ్చిన పులిహోర, ఆపైన గడ్డపెరుగు కూడ తీసుకొన్నారు. రాత్రివేళ పెరుగు తగదని నేను అనడం, ఆయన వినకపోవడం నలభై ఏళ్ళుగా జరుగుతున్నదే. ఉదయానికి కడుపు ఉబ్బరం, పుల్లని త్రేన్పులు. సలహా అడిగారు. అజీర్ణానికి లంఘనాన్ని మించినది లేదని, మధ్యాహ్నం వరకు ఏమీ తినవద్దని, శొంఠి వేసి కాచిన నీరు మాత్రం త్రాగమని చెప్పాను. ఆయన శిష్యుని వలె పాటించారు.

బడిపంతులు కదా, తమ డాక్టరు చెప్పినదీ అంతే నిష్ఠతో పాటించారు. ఏడు గంటలకు వేసుకోవలసిన చక్కెర మాత్ర ఏడు గంటలకే వేసుకొన్నారు. తరువాత తమ వంతు వచ్చినప్పుడు తెడ్డు పట్టుకొన్నారు.

పాపికొండల నడుమ నది ఇరుకై, రెండు ప్రక్కలా కొండలు నిటారుగా ఉంటాయి. అక్కడికి రోడ్డు లేదు, ఆనాడు ఫోను పలికేది కాదు. పదకొండు గంటల వేళ మాస్టారు అకారణంగా నావికునిపై కోపించారు. అది ఆయన స్వభావం కాదు. తెడ్డు నీటిలో విడిచివేశారు. మాట తడబడింది. చలికాలపు గాలిలో నుదుటినుండి చల్లని చెమట ధారకట్టింది, చేతులు వణికాయి. నేను నాడి చూశాను. వేగంగా, చంచలంగా ఉన్నది. శ్రమచేత వాతం ప్రకోపించిందని నిశ్చయించుకొని, సంచిలోనుంచి తైలపు సీసా తీసి తలకు మర్దన చేయబోయాను.

వెనుక గడ పట్టుకొన్న నావికుడు, "డాక్టరు బాబూ, ఈ బాబుగారికి సుగరుందాండీ? మా బావకి అచ్చం ఇలాగే అవుద్దండి. నూనె తర్వాత చూద్దురు గాని, ముందు బెల్లం పెట్టండి" అన్నాడు. తన చద్దిమూట విప్పి ఇంత బెల్లం గడ్డ చేతికిచ్చాడు. మాస్టారు మింగగలిగే స్థితిలో ఉన్నారు కనుక నీటిలో కలిపి కొంచెం కొంచెంగా త్రాగించాము. పావుగంటలో మనిషి తేరుకొని "ఏమైంది?" అని అడిగారు. ఆ పావుగంట నాకు ఎంత దీర్ఘంగా గడిచిందో ఇక్కడ వ్రాయలేను.

ఒడ్డుకు చేర్చి గంజీ అన్నమూ పెట్టించాము. అదృష్టవశాత్తు, యాత్రికులను దింపి మధ్యాహ్నం తిరిగి దిగువకు పోయే లాంచీ ఒకటి వచ్చింది. దానిలో దిగువ ఊరి ఆసుపత్రికి చేరాము. అక్కడి యువవైద్యురాలు రక్తపరీక్ష చేసి, ఆయనను మరునాటి వరకు పంపనన్నది. ఆ జాతి మాత్రల ప్రభావం చాలా గంటలు నిలుస్తుందట. ఒకసారి బెల్లంతో లేచినా చక్కెర మళ్ళీ పడిపోవచ్చునట. తరువాత, "ఉపవాసం ఉండమని చెప్పింది ఎవరండీ?" అని అడిగింది. నేనే అని చెప్పాను. ఆమె మరి మాట్లాడలేదు.

శాస్త్రం తప్పా? కాదు. లంఘనం ఎవరికి తగదో కూడ అదే శాస్త్రం చెబుతున్నది. శ్రమించినవారికి, కృశించినవారికి, గర్భిణులకు, వృద్ధులకు ఉపవాసం విధించరాదని నేను గురుకులంలో కంఠస్థం చేసినవాడను. మా గురువుగారు రోగి నాడి పట్టకముందు అతని విస్తరి, పడక చూసి రమ్మని మమ్మల్ని పంపేవారు. ఏమి తింటున్నాడు, ఎప్పుడు తింటున్నాడు, ఇంకెవరి మందు మింగుతున్నాడు అన్నవి తెలియకుండా నాడి పట్టినవాడిని ఆయన కల్వం దగ్గర కూర్చోబెట్టి సాయంత్రం దాకా నూరించేవారు. ఆ లెక్కన నేను ఆనాడు నెల రోజులు నూరవలసినది.

నా అభిప్రాయం ఇది. ఆయుర్వేద వైద్యులమైన మేము అల్లోపతి మాత్రల పేర్లు తెలియకపోవడాన్ని గౌరవంగా భావించే అలవాటు మానుకోవాలి. మా వద్దకు వచ్చే నడివయస్కులలో చక్కెరకో, రక్తపు పోటుకో మాత్ర వేసుకొననివారు ఇప్పుడు అరుదు. ఆ మాత్ర ఎప్పుడు, భోజనానికి ముందా తరువాతా అని అడగకుండా పథ్యం చెప్పడం చీకటిలో గడ వేయడమే. రోగులు కూడ "ఆయనకు చెబితే కోప్పడతాడేమో" అని దాచడం మానాలి. మరికొందరు ఇంకొక అడుగు ముందుకు వేసి, నాలుగు రోజులు ప్రకృతిలో ఉంటున్నాం కదా, మాత్రలకు సెలవిద్దామంటారు. గాలి, నీరు, ఎండ ఎంత మంచివైనా బి.పి. మాత్రకు బదులు పనిచేయవు. నదిమీద శ్రమ పెరుగుతుంది, భోజనవేళ తప్పుతుంది. కనుక మీ డాక్టరును ముందే కలిసి, శ్రమ ఎక్కువైన రోజున మోతాదు ఎంత ఉండాలో అడిగి తెలుసుకోవలెను. చక్కెర మాత్రగాని, ఇన్సులిన్ గాని తీసుకొనేవారు ప్రయాణంలో పూట మానరాదు. బెల్లమో, పంచదారో వారి జేబులోనే ఉండవలెను, పడవ అడుగున మూటలో కాదు. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయరాదు. వారిని ఒక ప్రక్కకు ఒత్తిగిలజేసి ఆసుపత్రికి చేర్చవలెను.

తెడ్డు వేయడంలోనూ వయసు మరచిపోతారు. బలంలో సగం వరకే వ్యాయామం చేయాలని, అదీ చలికాలంలోనూ వసంతంలోనూ తగునని వాగ్భటుడు చెప్పాడు. సగమైనదని తెలిసేదెట్లా? నుదుట, చంకలలో చెమట పట్టి, నోరు ఎండి, నోటితో ఊపిరి తీయవలసి వచ్చినదంటే అంతటితో తెడ్డు ప్రక్కవానికి ఇవ్వాలి. స్నేహితుల మధ్య పందెం పుడితే ఈ సూత్రం ఎవరికీ గుర్తుండదు. ఉదయం బయలుదేరే ముందు భుజాలకు, నడుముకు నువ్వులనూనె పట్టించి, సాయంత్రం ఉప్పు మూటతో కాపడం పెట్టుకొంటే నొప్పులు చాలవరకు తగ్గుతాయి. గుండెలో బరువు, ఎడమచేతికి గాని దవడకు గాని ప్రాకే నొప్పి వస్తే అది కాపడంతో పోయే నొప్పి కాదు.

నీటి విషయంలో భక్తిని, పానాన్ని వేరుగా ఉంచండి. గోదావరిలో స్నానం చేయండి, అర్ఘ్యం ఇవ్వండి. త్రాగే నీరు మాత్రం తెర్లకాచి చల్లార్చినదై ఉండాలి. మా అమ్మమ్మగారు చిల్లగింజ అరగదీసి బిందెలోని ఎర్రనీటిని తేటపరచేవారు. అది ఇప్పటికీ పనికివచ్చే ఉపాయమే. కాని చిల్లగింజ మడ్డిని అడుగుకు దింపుతుందేగాని క్రిములను చంపదు. తేరిన తరువాత కాచవలసినదే. విరేచనాలు పట్టుకొంటే కాచిన లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టిన చెంచాలు, కలిపి మాటిమాటికి ఇవ్వవలెను. ఆపైన వాము, శొంఠి మీ ఇష్టం.

ఇంకొక మాట స్త్రీలు నాతో ఏకాంతంగా చెప్పుకొనేది. చాటు లేదని ప్రొద్దుటినుండి సాయంత్రం వరకు మూత్రవేగాన్ని ఆపుకొంటారు, ఆపుకోవడానికి వీలుగా నీళ్ళు త్రాగడమే మానుతారు. వేగాలను నిరోధించరాదని చరకుడు ఒక అధ్యాయమే చెప్పాడు. ఇల్లు చేరాక మంట, జ్వరం అని వస్తారు. రెండు గంటలకొకసారి పడవ ఒడ్డుకు చేర్చే నియమం పెట్టుకోవడం, నాలుగు గజాల గుడ్డతో ఒక తెర కట్టడం పురుషుల బాధ్యత.

పాము సంగతి. నా వద్ద విషానికి వేరు ఉన్నదని నమ్మి అడిగేవారున్నారు. లేదని వారికి నిష్కర్షగా చెబుతున్నాను. పాము కరిస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం, పసరు పోయడం ఏదీ చేయరాదు. ఉంగరాలు, గాజులు తీసివేసి, కరచిన అవయవాన్ని కదలకుండా వెదురుబద్దతో నిలిపి, విషానికి విరుగుడు సూదిమందు ఉండే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. అందుచేత ప్రతి మకాం నుంచి ఆసుపత్రికి ఏ దారిన, ఎంతసేపట్లో చేరగలమో బయలుదేరే ముందే తెలిసి ఉండాలి.

మేము వెళ్ళిన దారి ఇప్పుడు ఆ విధంగా లేదు. పోలవరం వద్ద నదికి అడ్డంగా కట్టడం లేచింది. దేవీపట్నం వైపు ఊళ్ళు నీటి పాలైనాయి, యాత్రికుల పడవలు గండి పోచమ్మ గుడి వద్దనుండి పైకి వెళ్ళి వస్తున్నాయి. నాటు పడవమీద వెళ్ళాలనుకొనేవారు అధికారుల అనుమతి, నీటిమట్టం తెలుసుకొనే కదలాలి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు వద్ద వరదనీటిలో యాత్రికుల పడవ మునిగి పదులకొద్దీ ప్రాణాలు పోయిన సంగతి మరువరాదు. ఉక్కగా ఉన్నదనో, ఫోటోకు అందంగా లేదనో లైఫ్ జాకెట్ విప్పి దిండుగా వాడుకొనేవారిని నేను చూశాను. ఈత వచ్చినవారు కూడ దానిని విప్పరాదు.

మాస్టారు ఆ తరువాత మరి రెండుసార్లు పడవ ఎక్కారు. ఇప్పుడు ఆయన చొక్కా జేబులో ఒక కాగితం ఉంటుంది. తమ మాత్రల పేర్లు, వేళలు, డాక్టరు ఫోను నంబరు లెక్కలపుస్తకపు అక్షరాలతో వ్రాసి ఉంటాయి. నా వద్ద చీటీకోసం వచ్చేవారిని ముందు అటువంటి కాగితం ఇంట్లో ప్రతి ఒక్కరిదీ వ్రాసి తెమ్మంటున్నాను. తెచ్చినవారితోనే శొంఠి, వాము మాట్లాడుతున్నాను.

మన్యం ప్రాంతంలో నిద్రచేసేవారికి దోమతెర తప్పదు. వేపాకు పొగ దానికి తోడే గాని బదులు కాదు. తిరిగి వచ్చిన నెలలోపల చలితో జ్వరం వస్తే కషాయం కోసం నా వద్దకు పరుగెత్తవద్దు. ముందు మలేరియాకు రక్తపరీక్ష చేయించుకొని, ఆ కాగితం కూడ వెంట తీసుకొని రండి.